చేతికి పూసలు, సముద్రంలో చుక్క

ఈ ఏడాది సెలవులకు మా మేనకోడలు సియాటిల్ నుండి భీమిలిలోని మా ఇంటికి వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల. చేతులకు గాజులు లేవన్న సంగతి మా అమ్మ మొదటి రోజే కనిపెట్టింది. గాజులకు బదులు, సాగే దారానికి గుచ్చిన నీలం, తెలుపు పూసల బ్రేస్‌లెట్ ఒకటి ఉంది. పూసల మధ్య తిమింగలం తోక ఆకారంలో చిన్న లోహపు బిళ్ల.

“ఇవి మామూలు పూసలు కావు అమ్మమ్మా, వీటితో నాకొక తిమింగలం వచ్చింది” అంది పిల్ల.

బ్రేస్‌లెట్‌తో పాటు ఇచ్చిన అట్టముక్కను తీసి చూపించింది. దాని మీద గళ్లగళ్లుగా ఒక నల్లని గుర్తు ఉంది. ఫోన్ కెమెరాను ఆ గుర్తుకు ఎదురుగా పెట్టగానే పసిఫిక్ మహాసముద్రం పటం వచ్చింది. హవాయి దీవుల దగ్గర మొదలైన ఒక తెల్లని గీత వంకర టింకరగా ఉత్తరానికి వెళ్లి, అలాస్కా తీరం దగ్గర ఒక చుక్కతో ఆగింది. ఆ చుక్కే పిల్ల తిమింగలం. దాని వీపు మీద అమర్చిన చిన్న పరికరం ఉపగ్రహానికి సంకేతాలు పంపుతుంటే, ఆ దారిని బ్రేస్‌లెట్ కొన్నవాళ్లకు ఇలా చూపిస్తారట. వచ్చిన డబ్బులో కొంత తిమింగలాల రక్షణకు వెళ్తుందట.

మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమెకు తిమింగలం అంటే తెలిసినవి రెండే. ఒకటి, చిన్నప్పుడు ఆదివారపు బడిలో విన్న యోనా కథ. రెండోది, 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి నీలి తిమింగలం కళేబరం కొట్టుకొచ్చినప్పుడు వార్తల్లో చూసిన బొమ్మ. అన్నీ విన్నాక ఒకే మాట అడిగింది: “ఇంతకీ ఈ పూసల వల్ల ఆ తిమింగలానికి ఏం ఒరిగిందే?”

“కొంత డబ్బు వాటిని కాపాడేవాళ్లకు వెళ్తుందిగా.”

“కొంతంటే ఎంత?”

పిల్ల దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే మా దగ్గరా లేదు. అంతటితో ఆ మాట మరుగున పడిపోయేదే. కానీ రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం పిల్ల ఫోన్ పట్టుకుని మా దగ్గరకు వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. తొమ్మిది రోజులుగా చుక్క కదలడం లేదు. “మామయ్యా, చచ్చిపోయిందా?” అని అడిగింది.

ఈ రెండు ప్రశ్నలూ మమ్మల్ని కూర్చోబెట్టి చదివించాయి.

ఒకప్పుడు తిమింగలమే ఆభరణం

తిమింగలానికీ అలంకారానికీ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. ఫిజీ దీవుల్లో స్పెర్మ్ తిమింగలం దంతాన్ని నూనె పెట్టి మెరుగు దిద్ది, కొబ్బరి పీచుతో పేనిన తాడు కట్టి ‘తబువా’ అంటారు. పిల్లనివ్వమని అడగడానికి వెళ్లేటప్పుడు, తగవు తీర్చుకునేటప్పుడు, చావు ఇంటికి పరామర్శకు వెళ్లేటప్పుడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇస్తారు. మన వైపు తాంబూలానికి ఉన్నంత గౌరవం దానికుంది. ఇంకా ఎక్కువే అనాలేమో.

ఐరోపా, అమెరికాల సంగతి వేరు. అక్కడ ఆడవాళ్లు నడుము సన్నగా కనబడాలని బిగించుకునే లోదుస్తుల్లో, గొడుగుల్లో ‘తిమింగలం ఎముక’ అనే వంగే పుల్లలు వాడేవారు. పేరుకు ఎముక గానీ, అది ఎముక కాదు. దంతాలు లేని పెద్ద తిమింగలాల నోట్లో పై దవడ నుండి వేలాడే పలకలవి. మన గోళ్లలో ఉండే పదార్థమే వాటిలోనూ ఉంటుంది. నీటిని పుక్కిలించి వదిలితే చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు ఆ పలకల జల్లెడలో చిక్కుకుంటాయి. ఒక జీవి అన్నం తినే జల్లెడను మనిషి తన నడుముకు కట్టుకున్నాడన్న మాట. 19వ శతాబ్దంలో అమెరికా నుండి తిమింగలాల వేటకు వెళ్లిన నావికులు మూడు నాలుగేళ్ల దాకా ఇల్లు చేరేవారు కారు. ఓడలో పొద్దుపోని వేళల్లో అదే తిమింగలం ఎముక ముక్క మీద ఓడ బొమ్మనో, పువ్వునో, హృదయం గుర్తునో చెక్కి, భార్య గుండెల మీద పెట్టుకునేలా పట్టీ తయారుచేసి తెచ్చేవారు. ఆ పట్టీలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. వాటిని చెక్కిన చేతులకు ప్రేమ తెలియదని ఎవరూ అనలేరు.

తర్వాత ఆవిరి ఓడలు, పేలే బల్లేలు వచ్చాయి. 20వ శతాబ్దంలో పరిశ్రమగా సాగిన వేటలో సుమారు 29 లక్షల తిమింగలాలు చనిపోయాయని పరిశోధకులు లెక్క కట్టారు. వ్యాపారం కోసం తిమింగలాలను చంపకూడదని అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1982లో తీర్మానించగా, అది 1986 నుండి అమలులోకి వచ్చింది. అంటే వాటి శరీరం నుండి నగ చేసుకునే కాలం పోయి, వాటి దారిని చూపించే నగ అమ్మే కాలం వచ్చింది. మనుషులు మారారా, వ్యాపారం మారిందా అన్నది మా అమ్మ ప్రశ్నలో ఉన్న అసలు విషయం.

వీపు మీది పరికరం ఏం చేస్తుంది?

చుక్క ఎందుకు ఆగిందో తెలియాలంటే, అసలు అది ఎలా కదులుతుందో తెలియాలి.

పెద్ద తిమింగలానికి అమర్చే పరికరం జానెడు పొడవున్న లోహపు గొట్టం. లోపల బ్యాటరీ, సంకేతాలు పంపే యంత్రం ఉంటాయి. చిన్న పడవలో తిమింగలం పక్కకు, కొద్ది మీటర్ల దూరానికి వెళ్లి, అది ఊపిరి కోసం వీపు పైకెత్తిన క్షణంలో గాలి తుపాకీతో దాన్ని వీపులోకి కొడతారు. గొట్టం చర్మాన్నీ, కింది కొవ్వు పొరనూ దాటి దిగబడుతుంది. పైకి కనిపించేది దాని చివర, ఒక సన్నని తీగ మాత్రమే. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బ్రూస్ మేట్ ఈ పద్ధతికి దారి వేసినవారిలో ఒకరు.

రేడియో సంకేతం ఉప్పునీటిలో నుండి పైకి రాదు. అందుకే తిమింగలం మునిగి ఉన్నంతసేపూ పరికరం మౌనంగా ఉంటుంది. వీపు గాలిలోకి వచ్చిన ఆ కొద్ది క్షణాల్లోనే సంకేతం పంపాలి. అదే సమయానికి ఉపగ్రహం పైన ఉండాలి. ఉపగ్రహం ఒక చోటు మీదుగా దాటిపోయే వ్యవధి పది నిమిషాలకు అటూ ఇటూ. ఇక స్థలం ఎలా తెలుస్తుంది? రైలు స్టేషన్‌లో నిలబడిన వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కూత వేసుకుంటూ బండి దగ్గరకు వస్తున్నప్పుడు కూత సన్నగా వినిపిస్తుంది, మనల్ని దాటి వెళ్లిపోతుంటే మోటుగా మారుతుంది. ఉపగ్రహం కూడా పరుగెడుతూ, కింద నుండి వచ్చే సంకేతం స్థాయి ఎలా మారుతోందో చూసి, అది ఎక్కడి నుండి వచ్చిందో లెక్క కడుతుంది. ఒక్కోసారి ఆ లెక్క కొన్ని వందల మీటర్ల తేడాతో, ఒక్కోసారి కొన్ని కిలోమీటర్ల తేడాతో వస్తుంది. కాబట్టి పటం మీది చుక్కను చూసి ‘సరిగ్గా ఇక్కడే ఉంది’ అనుకోకూడదు.

ఈ ఏర్పాటు పేరు ఆర్గోస్. ఫ్రాన్స్, అమెరికా కలిసి 1978లో మొదలుపెట్టాయి. ఇది చదువుతుండగా మాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. ఆర్గోస్ సంకేతాలు అందుకునే పరికరాలను మోసుకెళ్లిన ఉపగ్రహాల్లో రెండు మన శ్రీహరికోట నుండి వెళ్లినవే. 2013 ఫిబ్రవరి 25న పీఎస్ఎల్వీ-సీ20 రాకెట్ మీద వెళ్లిన సరళ్ ఒకటి, 2022 నవంబర్ 26న పీఎస్ఎల్వీ-సీ54 మీద వెళ్లిన ఓషన్‌శాట్-3 మరొకటి. పులికాట్ సరస్సు పక్క నుండి లేచిన రాకెట్‌కీ ఎక్కడో సముద్రంలో తిరిగే తిమింగలానికీ ఇలాంటి చుట్టరికం ఉందని చెబితే మా మేనకోడలు నమ్మలేదు. మళ్లీ ఫోన్‌లో వెతికి చూసుకున్నాకే నమ్మింది.

పరికరాన్ని తిమింగలం శరీరం ఎక్కువ కాలం ఉంచుకోదు. చేతిలో దిగిన ముల్లును మన శరీరం ఎలా బయటికి నెడుతుందో అలా నెట్టేస్తుంది. కొన్ని వారాలకు ఊడిపోయేవి ఉన్నాయి, నెలల తరబడి ఉండేవీ ఉన్నాయి. ఏడాది దాటేవి తక్కువ. లేకపోతే బ్యాటరీ అయిపోతుంది, తీగ విరుగుతుంది. చుక్క ఆగిపోవడానికి వీటిలో ఏదో ఒకటి కారణం కావడమే ఎక్కువ. ఈ మాట పిల్లకు చెప్పాం. “అయితే బతికే ఉందన్నమాట” అంది. బతికి ఉండవచ్చు అన్నాం. అంతకంటే గట్టిగా చెప్పడానికి మాకు మనసొప్పలేదు.

వర్వరా, లుబాన్

పటం మీద ఒక గీత వల్ల ఏం తెలుస్తుందని అడిగేవారికి రెండు తిమింగలాల కథలు చెప్పాలి.

రష్యాకు తూర్పు చివర సఖాలిన్ అనే పెద్ద దీవి ఉంది. వేసవిలో అక్కడ మేసే బూడిద రంగు తిమింగలాలు చాలా తక్కువ. ఆ రోజుల్లో లెక్క తేలినవి సుమారు 130. చలికాలంలో అవి ఆసియా తీరం వెంట దక్షిణానికి, చైనా వైపు వెళ్తాయనే చాలామంది అనుకునేవారు. 2010లో రష్యా, అమెరికా పరిశోధకులు ఒక మగ తిమింగలానికి పరికరం అమర్చారు. దాని పేరు ఫ్లెక్స్. అది అందరి అంచనాలనూ తలకిందులు చేసి తూర్పుగా బయలుదేరింది. బేరింగ్ సముద్రం దాటి, 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒరెగాన్ తీరం దగ్గర ఉండగా సంకేతాలు ఆగిపోయాయి.

మరుసటి ఏడు పరికరం అమర్చిన వాటిలో వర్వరా అనే తొమ్మిదేళ్ల ఆడ తిమింగలం ఒకటి. అది మహాసముద్రాన్ని అడ్డంగా దాటి, ఉత్తర అమెరికా తీరం వెంట మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా వెళ్లింది. అక్కడ బూడిద రంగు తిమింగలాలు పిల్లల్ని కనే చోట్ల చుట్టూ తిరిగి, వెళ్లిన దారిన కాకుండా వేరే దారిన మళ్లీ సఖాలిన్ చేరింది. మొత్తం 172 రోజులు, 22,511 కిలోమీటర్లు. 2015లో ఈ వివరాలు ప్రచురించేనాటికి, ఒక క్షీరదం చేసిన వలస ప్రయాణాల్లో నమోదైన వాటిలో అదే అతి పెద్దది. ఒడ్డు కనబడని నడిసముద్రంలో దారి తప్పకుండా వెళ్లి, వేరే దారిలో తిరిగి రావడం! మనం పక్క ఊరికి వెళ్లాలన్నా నలుగురిని అడుగుతాం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ పరిశోధనకు అయిన ఖర్చులో కొంత, సఖాలిన్ దగ్గర సముద్రంలో చమురు, గ్యాసు తవ్వే కంపెనీలే పెట్టుకున్నాయి. తిమింగలాలు మేసే చోటి పక్కనే ఆ తవ్వకాలు. దీన్ని మంచి అనాలా, మొక్కుబడి అనాలా అన్నది పాఠకులే ఆలోచించుకోవచ్చు. వర్వరా దారి మాత్రం ఆ డబ్బు వల్ల తెలిసింది.

రెండో కథ మనకు దగ్గరిది. అరేబియా సముద్రంలో హంప్‌బ్యాక్ తిమింగలాల చిన్న గుంపు ఒకటి ఉంది. ప్రపంచంలోని మిగతా హంప్‌బ్యాక్ తిమింగలాలన్నీ ఏటా చల్లని సముద్రాలకు మేతకు వెళ్లి, వెచ్చని సముద్రాలకు కాన్పుకు వస్తాయి. ఇవి మాత్రం ఎక్కడికీ వెళ్లవు. ఏడాది పొడవునా ఇక్కడే. కారణం నైరుతి రుతుపవనాలు. మన పొలాలకు వాన తెచ్చే ఆ గాలులే ఒమాన్ తీరం వెంట బలంగా వీచి, లోతున ఉన్న చల్లని, సారవంతమైన నీటిని పైకి లాగుతాయి. దాంతో అక్కడ చేపలకు, చిన్న జీవులకు కొదువ ఉండదు. తిమింగలాలకు మేత కోసం దూరం పోవలసిన పనే లేదు.

కానీ వాటి సంఖ్య చూస్తే గుండె జారుతుంది. ఒమాన్ తీరంలో లెక్క కట్టినవి వంద కూడా లేవు. 1966 నవంబర్‌లో సోవియట్ వేట ఓడలు ఈ సముద్రంలోకి వచ్చి, 238 హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపాయి. ఆ లెక్కలు దాచిపెట్టారు. సోవియట్ యూనియన్ పోయిన తర్వాతే, 1990లలో బయటికి వచ్చాయి. ఒక్క నెలలో పోయినవి, ఇప్పుడు అక్కడ మిగిలిన వాటికి రెండింతలకు పైనే.

2017 నవంబర్‌లో ఒమాన్‌లోని మసీరా అఖాతంలో ఒక ఆడ తిమింగలానికి పరికరం అమర్చారు. దాని తోక మీది మచ్చ సాంబ్రాణి చెట్టులా ఉంటుందని లుబాన్ అని పేరు పెట్టారు. అరబీలో లుబాన్ అంటే సాంబ్రాణి. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసు ముందు పెట్టిన కానుకల్లో ఒకటైన సాంబ్రాణి ఇలాంటి చెట్ల జిగురే. ఒమాన్ ఆ చెట్లకు పేరుమోసిన నేల. లుబాన్ డిసెంబర్‌లో తూర్పుగా తిరిగింది. అరేబియా సముద్రాన్ని అడ్డంగా ఈది గోవా వైపు వచ్చింది. అక్కడి నుండి మన పడమటి తీరం వెంట కేరళ వైపు దిగింది. 2018 ఆరంభంలో మళ్లీ సముద్రం దాటి ఒమాన్ చేరింది. ఈ గుంపులోని తిమింగలం ఒకటి ఆ తీరం నుండి ఈ తీరానికి రావడం అలా నమోదు కావడం అదే మొదటిసారి.

కేరళ, కర్ణాటక జాలరులు అప్పుడప్పుడు పెద్ద తిమింగలాలను చూశామని చెబుతూనే ఉన్నారు. వినేవాళ్లు తక్కువ. ఒక్క గీతతో ఆ మాటకు బలం వచ్చింది. ఒమాన్ కాపాడితే సరిపోదు, ఇండియా కూడా చూసుకోవాలని తేలింది.

దారి తెలిస్తే ఏం మారుతుంది?

ఈ రోజుల్లో పెద్ద తిమింగలాలను ఎక్కువగా చంపుతున్నవి బల్లేలు కావు. చేపల కోసం వేసిన వలలు, సరుకు ఓడలు. వలలో చిక్కుకున్న తిమింగలం ఊపిరికి పైకి రాలేక చనిపోవచ్చు, లేదా నెలల తరబడి ఆ తాళ్లను ఈడ్చుకుంటూ తిండి తినలేక కృశించిపోతుంది. ఓడ ఢీకొంటే, ఓడలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు.

కాలిఫోర్నియా తీరంలో 1993 నుండి 2008 వరకు 171 నీలి తిమింగలాలకు పరికరాలు అమర్చి చూశారు. వేసవి, శరత్కాలాల్లో అవి ఎక్కువగా మేసే చోట్లు రెండు. ఆ రెండింటి మీదుగానూ లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కో రేవులకు వెళ్లే ఓడల దారులున్నాయి. అక్కడ 2013లో ఓడల దారులను కొంత జరిపారు. 2014 నుండి, తిమింగలాలు ఉండే నెలల్లో వేగం తగ్గించే ఓడ కంపెనీలను ప్రోత్సహించే కార్యక్రమం నడుస్తోంది. ఓడ నిదానంగా వెళ్తే తిమింగలానికి తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. తగిలినా దెబ్బ చిన్నదవుతుంది. ఓడ పొగ తగ్గి ఊళ్లో గాలి కూడా బాగుపడుతుంది.

మనకు దక్షిణాన శ్రీలంక కొసను ఆనుకుని ప్రపంచంలోకెల్లా రద్దీ ఓడ దారుల్లో ఒకటి ఉంది. నీలి తిమింగలాలు మేసేది కూడా అక్కడే. ఏళ్ల తరబడి పరిశోధకులు పడవల మీద తిరిగి లెక్కలు తీసి చూపించాక, 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద ఓడల కంపెనీ తన ఓడలను ఇంకా దక్షిణంగా మళ్లించింది. అందరూ మళ్లించలేదు. దారి అధికారికంగా మారనూ లేదు. అయినా తిమింగలం ఎక్కడ ఉంటుందో ఎవరో ఒకరు చూసి రాస్తేనే ఈమాత్రమైనా జరుగుతుంది.

గాయం సంగతి

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. మాకూ వచ్చింది. జానెడు గొట్టాన్ని వీపులోకి దించితే నొప్పి ఉండదా?

ఉంటుంది. చాలా తిమింగలాలు ఒక్క కుదుపుతో మునిగి, కాసేపటికి మామూలుగా ఈదుతాయి. 40 అడుగుల జీవికి అది ముల్లు లాంటిదే. గొట్టానికి ముందుగా క్రిములు చేరకుండా మందు కూడా పూస్తారు. అయినా అన్నిసార్లూ మంచే జరగదు. 2016 ఫిబ్రవరిలో అమెరికా పడమటి తీరంలో ఎల్95 అనే ఇరవయ్యేళ్ల మగ ఓర్కాకు, మొప్పలాంటి వీపు రెక్క మీద చిన్న పరికరం అమర్చారు. మార్చి చివర్లో అది కెనడాలోని వాంకూవర్ దీవి దగ్గర శవమై తేలింది. పరికరం ఊడిపోయినా దాని కొక్కేల ముక్కలు రెక్కలోనే ఉండిపోయాయి. ఆ గాయం గుండా బూజు జాతి క్రిములు ఒంట్లోకి చేరి చావుకు దోహదం చేశాయని పరీక్షలో తేలింది. మొదటిసారి గురి తప్పి సముద్రంలో పడిన పరికరాన్ని, మళ్లీ వాడే ముందు నియమం ప్రకారం పూర్తిగా శుద్ధి చేయలేదు. ఈ పని చేసింది ఆ జంతువులను కాపాడవలసిన అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా. వారు దాన్ని దాచలేదు. తప్పు ఒప్పుకుని నివేదిక ఇచ్చారు. ఆ గుంపు ఓర్కాలకు ఉపగ్రహ పరికరాలు అమర్చడం ఆపేశారు. అప్పటికి ఆ గుంపులో ఉన్నవి దాదాపు 80.

ఈ సంగతి పిల్లకు చెప్పాలా వద్దా అని మేము ఒక పూట ఆలోచించాం. చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నా దానికి శుద్ధి చేసే ఉంటారు కదా మామయ్యా?” అంది. తర్వాత మరి ఆ ఊసెత్తలేదు.

అమ్మ అడిగిన లెక్క

ఇక మిగిలింది డబ్బు సంగతి. పిల్ల ఆ బ్రేస్‌లెట్ కొన్న కంపెనీకి ఉత్తరం రాసింది, ఈమెయిల్ అనుకోండి. నేను కొన్న దానిలో తిమింగలాలకు ఎంత వెళ్లింది అని సూటిగా అడిగింది. మర్యాదగానే జవాబు వచ్చింది. లాభాల్లో కొంత భాగాన్ని తమతో కలిసి పనిచేసే సంస్థకు ఇస్తామని ఉంది. ఎంతో లేదు.

‘లాభంలో’ అన్న మాట దగ్గర మా అమ్మ పట్టుకుంది. ఆమె మా నాన్నగారి కిరాణా కొట్టు లెక్కలు ముప్పై ఏళ్లు రాసిన మనిషి. “అమ్మకంలో పదోవంతు వేరు, లాభంలో పదోవంతు వేరు” అంది. కాగితం తెమ్మంది.

మాటవరసకు వస్తువు ధర 1,500 రూపాయలు అనుకుందాం. అమ్మకంలో పదోవంతు అంటే 150 రూపాయలు. అదే పూసల ఖరీదు, కూలి, దుకాణం అద్దె, ప్రకటనలు అన్నీ పోను 500 లాభం మిగిలిందనుకుంటే, అందులో పదోవంతు 50 రూపాయలు. ఉపగ్రహ పరికరం ఒకటి కొన్ని వేల డాలర్లు అవుతుంది. మూడున్నర లక్షల రూపాయలని వేసుకుంటే, మొదటి లెక్కన 2,300 పైచిలుకు బ్రేస్‌లెట్లు అమ్మితే ఒక పరికరం వస్తుంది. రెండో లెక్కన 7,000 అమ్మాలి. పడవ, డీజిల్, ఉపగ్రహానికి కట్టే రుసుము, మనుషుల జీతాలు ఇందులో లేవు. అందుకే ఒకే తిమింగలాన్ని వేలమందికి ‘నీది’ అని ఇస్తారు. అది మోసం కాదు. కానీ పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

కాబట్టి మీ పిల్లలు ఇలాంటి వస్తువు కొనమని అడిగితే, కసిరి పంపేయకండి. అట్టముక్క మీద ఏ సంస్థ పేరుందో చూడండి. ఆ సంస్థ కూడా ఈ కంపెనీ నుండి డబ్బు అందుతోందని తన ప్రకటనల్లో చెబుతోందా? చూపించే గీత ఈ ఏటిదా, ఎప్పటిదో పాతదా? కొన్నిసార్లు వేటగాళ్లకు చోటు తెలియకూడదని కావాలనే ఆలస్యంగా చూపిస్తారు. అది న్యాయమే. కొందరు పరిశోధన అయిపోయిన తర్వాత పాత దారినే చూపిస్తారు. అదీ తప్పు కాదు, చెప్పి చూపిస్తే. పేగుల్లో తయారయ్యే అంబర్‌గ్రిస్, దంతం, ఎముక లాంటి తిమింగలం సరుకు ఏదైనా ఎవరైనా అమ్మజూపితే మాత్రం దగ్గరకు పోవద్దు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. విశాఖలో, ఇతర చోట్ల ఇలాంటి కేసుల వార్తలు చదువుతూనే ఉన్నాం. తిమింగలాలకు సాయం చేయడమే మీ ఉద్దేశమైతే, ఆ 1,500 నేరుగా సంస్థకే పంపితే ఎక్కువ చేరుతుందని మా అమ్మ కాగితం చెబుతోంది.

అయితే ఆ కాగితంలో ఎక్కని ఖాతా ఒకటుంది. నెల రోజుల కిందట మా ఇంట్లో ఎవరికీ బేరింగ్ సముద్రం ఎక్కడుందో తెలియదు. ఇప్పుడు గోడ మీద ప్రపంచ పటం ఉంది. మా అమ్మ దాని మీద మసీరా అఖాతం నుండి గోవాకు పెన్సిల్‌తో గీత గీసింది. సాంబ్రాణి పేరు పెట్టారన్నందుకు ఆమెకు ఆ తిమింగలం అంటే ప్రత్యేకమైన అభిమానం.

సెలవులు అయిపోయి పిల్ల వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు చేతికి మా అమ్మ ఇచ్చిన రెండు గాజులు, వాటి మధ్య ఆ పూసలు. కిందటి వారం ఫోన్‌లో మాట్లాడినప్పుడు, చదువు సంగతి అడగకముందే మా అమ్మ అడిగింది: “ఏమే, కదిలిందా?”

“లేదు అమ్మమ్మా. అక్కడే ఉంది.”

“సరేలే. పరికరం ఊడిపోయుంటుంది” అంది మా అమ్మ. ఫోన్ పెట్టేశాక వెళ్లి పటం ముందు నిలబడి, అలాస్కా ఎక్కడో చూపించమంది.